తొంబై ఏడో కాగితం

శ్రావణంలో రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, వనపర్తిలో నేను పనిచేసిన మహిళా కళాశాల లైబ్రరీ కౌంటరు మీద నుంచి పన్నెండు పుస్తకాలు తీసుకున్నాను. గంట ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, పన్నెండింటికి ప్రిన్సిపాల్ గారి మీటింగు ఉంది. గోడ గడియారం చూసి, యాభై నిమిషాలున్నాయి, చాలు అనుకున్నాను. ఆ పుస్తకాల మధ్య అక్కడక్కడ అర ఠావు కాగితాలున్నాయి. అన్నీ నావే అనుకుని లాగి కట్ట కట్టుకున్నాను.

అందులో ఒకటి నాది కాదు. మా ఆఫీసులో టైపు చేసే ఆయన మా లైబ్రేరియన్‌కు రాసిన జవాబు అది. శుక్రవారం లోపల ఆయన ఏ మాటా చెప్పకపోతే, శనివారం ఆమె తన అన్న చూసిన సంబంధానికి ఒప్పుకోవాలి. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. మీకు ముందే చెబుతున్నాను, ఎందుకంటే నేను పడిన అయోమయం మీరూ పడాల్సిన పని లేదు.

కొత్తగా తెలుగు పాఠాలు చెప్పడం మొదలుపెట్టినవాళ్ళు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, కవిత్వం ఎలా చెప్పాలమ్మా అని. ఎలా చెప్పకూడదో నాకు బాగా తెలుసు. అది చెప్తాను.

రిటైరు కావడానికి ఇంక ఏడు నెలలున్నాయి. చివరి ఏడాది ఒక మంచి పని చేసి పోవాలనిపించింది. వేరువేరు కాలాల కవులు ప్రేమను ఎలా చూపించారు అన్నది అంశం. నాలుగు కాలాలుగా విడగొట్టాను. ప్రబంధాల కాలం, పాడుకునే పదాల కాలం, భావకవుల కాలం, ఇప్పటి కాలం. కాలానికి ఇరవై నాలుగు చొప్పున తొంబై ఆరు. నలుగురు తెలివైన పిల్లల్ని ఎంచుకుని, పన్నెండు పుస్తకాలిచ్చి, అన్ని కాలాలూ కలిపి ఒక్కొక్కరూ ఇరవై నాలుగు ఏరుకోండని చెప్పాను. ఏవి ఏరుకోవాలో వాళ్ళ ఇష్టానికే వదిలేశాను.

అయితే క్లాసులో పద్యం చదవగానే పిల్లలు ఛందస్సు విని కాలం చెప్పేస్తారు. సమాసం వినగానే ఇది పాతది అంటారు. కవి పేరు చూడగానే దండం పెట్టేస్తారు, ఇక ఆలోచించరు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. ఏరుకున్న ప్రతి పద్యాన్నీ, పాటనీ, కవితనీ మామూలు మాటల్లో ఐదారు పంక్తుల్లో రాయాలి. ఉపమానాలుంటే ఉంచవచ్చు, ఛందస్సు ఉండకూడదు. అలా రాసినవన్నీ ఒకే అక్షరాల్లో, ఒకే కొలత కాగితం మీద టైపు కావాలి. కాగితం అడుగున రెండు వేళ్ళ జాగా వదిలి అక్కడ కవి పేరు, కాలం వేయాలి. తర్వాత ఆ అడుగు నేను కోసేస్తాను. ఛందస్సు పోయింది, భాష పోయింది, పేరు పోయింది. ఇక మిగిలింది ప్రేమ ఒక్కటే, దాన్ని చూసి కాలం చెప్పండి అని నా పందెం. చాలా గొప్ప ఉపాయం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కాస్త గర్వపడ్డాను.

టైపు చేసే ఆయనది అమరచింత దగ్గర ఊరు. మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. నలభై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు. మాట పెగలని మనిషి. నమస్కారం కూడా సగం గొంతులోనే ఉండిపోయేది. కానీ ఆయన టైపు చేసిన కాగితంలో నేను పదకొండేళ్ళలో మూడు తప్పులు పట్టుకున్నాను, అంతే. ఆ తొంబై ఆరూ ఆయనే చేశాడు. ఏ పుస్తకంలోనిది ఆ పుస్తకంలోనే పెట్టి లైబ్రరీలో అప్పగించేవాడు, నేను మూలంతో సరిచూసుకోవడానికి వీలుగా.

లైబ్రేరియన్‌ది గద్వాల. మగ్గం ఇల్లు. ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళయిన ఏడాదికే విడిపోయి వచ్చి, చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంది. వారం రోజులు వనపర్తిలో గదిలో ఉండేది, శనివారం సాయంత్రం బస్సెక్కి గద్వాల పోయేది. నోరు ధాటిగా ఉండేది. పుస్తకం మడిచి పట్టుకున్న పిల్లను చూస్తే, "గదేమన్న చపాతీనా, చుట్ట చుట్టి పట్టుకుంటివి?" అనేది. పిల్లలు ఆమెకు భయపడేవాళ్ళు, ఆమె దగ్గరికే చేరేవాళ్ళు.

వాళ్ళిద్దరి సంగతి కళాశాలలో ఎవరికీ తెలియదు. తెలియడానికి వాళ్ళ మధ్య జరిగింది కూడా ఏమీ లేదు. మూడేళ్ళుగా ఆయన మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్ళి పేపరు చదివేవాడు. ఆమె రెండు కప్పుల టీ తెప్పించేది. అంతే. ఇద్దరివీ వేరు కులాలు, ఇటు చేను, అటు మగ్గం, రెండిళ్ళలోనూ ఒప్పుకునేవాళ్ళు లేరు. సంబంధం వచ్చాక ఆమే అడిగిందట: "నోటితోని మీకు వస్తలేదు. రాసియ్యండి. టైపు జేసుడు వచ్చు గదా. శుక్రవారం లోపల పుస్తకంల వెట్టి ఇయ్యండి." ఆయన తొంబై ఆరు ప్రేమ కవితలు టైపు చేసి ఉన్నాడు. తొంబై ఏడోది తనే రాసి, అదే కొలత కాగితం మీద టైపు చేసి, అడుగున తన పేరు రాసి, సోమవారం సాయంత్రం పుస్తకంలో పెట్టి కౌంటరు మీద పెట్టాడు. ఆమె మంగళవారం పుస్తకాలు లోపలికి తీసుకునేటప్పుడు చూస్తుంది.

ఆమె చూడకముందే నేను చూశాను. చూశాను అనడం కూడా తప్పు. చూడలేదు, తీసుకున్నాను. ఆమె ఆ సమయంలో ప్రిన్సిపాల్ గదిలో ఏదో సంతకం కోసం నిలబడి ఉంది. పద్దు రాయకుండా లైబ్రరీ నుంచి పుస్తకం తీసుకున్నది నా ఉద్యోగంలో అది ఒక్కసారే.

అంతకుముందే తొంబై కాగితాలు మూలంతో సరిచూసి, పదేసి చొప్పున తొమ్మిది కట్టలు కట్టి, అడుగులు కోసి, రెంటి మీదా నంబర్లు వేసి బీరువాలో పెట్టాను. చివరి ఆరు మిగిలాయి. స్టాఫ్ రూములో స్టీలు స్కేలు పెట్టి, బ్లేడుతో చివరి కట్ట అడుగు ఒక్క గీతలో కోసేశాను. చదవలేదు. లెక్కపెట్టలేదు. నంబర్లు వేయబోయే సరికి పొద్దుటి నుంచి లేని కరెంటు వచ్చింది. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరిగింది. అడుగు ముక్కలు గది నిండా ఎగిరాయి. పన్నెండయింది. వచ్చి ఏరుకుందాంలే అని మీటింగుకు పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి గది అద్దంలా ఉంది.

"ఇక్కడ కాగితం ముక్కలుండాలి?" అని మా అటెండరు ఆయమ్మను అడిగాను.

"ఊడ్చిన మేడం."

"ఎక్కడ పోశావు?"

"మున్సిపాలిటీ బండి వచ్చె. ఏసిన." నా మొహం చూసి ఆమెకు కోపం వచ్చింది. "మీరే గదా మేడం, ఒక్క కాగితం ముక్క కనబడొద్దని దినాం ఒర్లుతరు. ఊడ్వకుంటె ఒక మాట, ఊడిస్తె ఒక మాట. ఎట్ల జేయాలె మేమిగ?"

కూర్చుని పైభాగాలు లెక్కపెట్టాను. ఏడు ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడు. తొంబై, ఏడు, తొంబై ఏడు. ఒకటి ఎక్కువ. తగ్గితే అర్థం చేసుకోవచ్చు, కాగితం ఎక్కడైనా జారిపోతుంది. ఎక్కువ ఎలా వస్తుంది? ఏదో రెండుసార్లు టైపయిందనుకుని ఏడూ పక్కపక్కన పెట్టి చదివాను. ఏ రెండూ ఒకటి కావు. ఏడూ ప్రేమే. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పాఠం చెప్పిన మనిషిని, ఏది ఏ కాలానిదో ఒక చూపులో పడుతుందనుకున్నాను. మూడింటి దగ్గర ఆగిపోయాను. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు.

బుధవారం క్లాసు మామూలుగానే పెట్టాను. ఒకటి ఎక్కువైతే క్లాసుకు నష్టమేముంది అనుకున్నాను. నలభై ఒక్క మంది పిల్లలు. ఆ పన్నెండు పుస్తకాలూ వెతికిపెట్టిన లైబ్రేరియన్ వెనక బెంచీలో కూర్చుంది. టైపు చేసే ఆయన్ను నేనే పిలిచాను. అంత చాకిరీ చేసిన మనిషి ఒక్కసారైనా వినాలని, మర్యాద కోసం. ఆయన లోపలికి రాలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. నా ఉద్యోగంలో నేను చేసిన మర్యాదల్లో అంత ఖరీదైనది ఇంకొకటి లేదు.

చీటీలు తీసినట్టు ఒక్కొక్కరు ఒక కాగితం తీసి చదవాలి. తర్వాత అందరూ చేతులెత్తి కాలం చెప్పాలి. మొదటి ఆరూ బాగా నడిచాయి. వెన్నెల కాలుస్తోంది కిటికీ మూయమని చెలికత్తెను బతిమాలే ఆమెను ప్రబంధాల కాలంలో పెట్టారు. రాత్రంతా ఎక్కడున్నావో నీ కళ్ళే చెబుతున్నాయి, ఇక లోపలికి రాకు అన్న ఆమెను పదాల కాలంలో పెట్టారు. నువ్వు దొరికితే నా పాట ఆగిపోతుంది, దొరకకుండానే ఉండు అన్న ఆయన్ను చూసి ఒక పిల్ల, "గీయనకు పిల్ల వద్దు మేడం, ఏడుపు గావాలె" అంది. సరిగ్గా భావకవుల కాలమే. నేను నోటుబుక్కులో టిక్కులు పెట్టుకుంటూ సంతోషంగా ఉన్నాను.

ఏడోది అమ్రాబాద్ నుంచి వచ్చిన పిల్ల తీసింది. పెద్ద గొంతు దానిది. అడవిలో పిలిచినట్టు చదివింది.

"నీ గడప దాకా వచ్చాను.
చెప్పులు విడిచాను, మళ్ళీ తొడుక్కుని పోయాను.
నువ్వు పిలవలేదని కాదు.
పిలిస్తే చెప్పాలని దారి పొడుగునా అనుకున్న మాట
నీ గడప దగ్గరకు రాగానే నాకు బరువైపోయింది.
ఈసారి వస్తే చెప్పులు నువ్వే దాచిపెట్టు."

నన్ను మంగళవారం ఆపేసిన మూడింటిలో ఇదొకటి. చేతులెత్తమన్నాను. ప్రబంధాల కాలానికి ఆరు చేతులు, పదాల కాలానికి పద్నాలుగు, భావకవుల కాలానికి పదిహేడు, ఇప్పటి కాలానికి నాలుగు. మొత్తం నలభై ఒకటి, సరిపోయింది. ఆ నలుగురి పేర్ల పక్కన, "శ్రద్ధగా వినలేదు" అని రాసుకున్నాను.

"ఇప్పటిదని ఎందుకనుకున్నారు?" అని అడిగాను.

ఒక పిల్ల లేచి, "ఏమో మేడం. మా చిన్నాయన గిట్లనే ఉంటడు" అంది. క్లాసంతా నవ్వింది.

"చిన్నాయనలతో సాహిత్య చరిత్ర నిర్ణయించలేం, కూర్చో" అన్నాను. ఇంకా నవ్వారు. పిల్లలు నవ్వితే నాకూ హుషారు వస్తుంది. వెనక్కి చూసి, "లైబ్రరీ మేడం, మీరేమంటారు? పుస్తకాలన్నీ మీ దగ్గరే ఉంటాయి కదా" అన్నాను.

ఆమె కూర్చునే చెప్పింది. "ఇది శానా పాతది మేడం. ఇప్పటోల్లకు గంత ఓపిక యాడిది?"

"మనిషి ఎలాంటివాడంటారు?"

"మనిషా?" అంది ఆమె. "గడప దాక వచ్చి చెప్పులేసుకోని వోయినోడు మనిషేంది మేడం. చెప్పులు గూడ ఆమెనే దాయాలెనంట! రేపు పెండ్లయినంక అన్నం గూడ ఆమెనే నమిలి వెట్టాలె."

బల్లలు చరిచి నవ్వారు. నేనూ నవ్వాను. తలుపు వైపు చూసేసరికి అక్కడ ఎవరూ లేరు. పాపం పని ఉండి పోయాడనుకున్నాను.

గురువారం లెక్క తేల్చడానికి కూర్చున్నాను. నలుగురు పిల్లల్లో ముగ్గురు తమ రఫ్ నోటుబుక్కులు తెచ్చి చూపించారు. ఏడింటిలో నాలుగు వాళ్ళవని తేలింది. మిగిలినవి మూడు. నాలుగో పిల్లది ఇటిక్యాల. ఇంట్లో నాట్లున్నాయని ఊరికి పోయింది, సోమవారం వస్తుంది. ఆ మూడింటిలో రెండు ఆమెవి కావాలి. మూడోది ఎవరిది? పన్నెండు పుస్తకాలూ తిరగేశాను, మాటలన్నీ మారిపోయాయి కాబట్టి ఆ మూడింటి మూలం చిక్కలేదు.

మూడింటినీ మీకు చెప్తాను. ఒకటి గడప. ఇంకొకదాంట్లో ఒకామె, నువ్వు వచ్చాక చెప్పాలని దాచుకున్న మాటలన్నీ నువ్వు వచ్చాక అక్కర్లేకపోయాయి అంటుంది. మరొకదాంట్లో ఒకాయన, చిలుకను పంపాను, అది నీ పేరు మరిచిపోయి తిరిగి వచ్చింది, నాకు దాని మీద కోపం రాలేదు అంటాడు. చిలుక పాతది అనుకుందామా? చిలుక మీద కోపం రాకపోవడం పాతదిలా లేదు. మాటలు అక్కర్లేకపోవడం కొత్తది అనుకుందామా? అలాంటి పదాలు నేనే బోధించాను. ఒక పట్టిక గీసుకున్నాను. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు వేచి ఉన్నారు, ఎవరు అడుగుతున్నారు, ఎవరు ఏడుస్తున్నారు అని నాలుగు గళ్ళు. పాతవాటిలో ఆమె వేచి ఉంటుంది, తర్వాత ఆమె తగవులాడుతుంది, తర్వాత అతను ఏడుస్తాడు, ఇప్పుడు ఇద్దరూ ఒకరినొకరు ప్రశ్నించుకుంటారు. పిల్లలకు ఇన్నేళ్ళూ చెప్పింది అదే. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ ఏ గడిలోనూ పూర్తిగా కూర్చోలేదు. సాయంత్రానికి చిలుకను పట్టుకున్నాను. పిల్లల్లో ఎవరో నన్ను ఆటపట్టించడానికి రాసి ఇరికించారని తీర్మానించి, దాని మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.

అయినా టైపు చేసే ఆయన్ను అడగకుండా వదల్లేదు. ఆఫీసులోకి వెళ్ళాను. ఆయన తలెత్తలేదు.

"సార్, మీరు టైపు చేసినవి ఎన్ని?"

"తొంబై ఆరు మేడం."

"గట్టిగా చెప్పండి. తొంబై ఏడు కాదు కదా?"

బల్ల మీది కాగితాలు అంచులు కలిపి సర్దాడు. తర్వాత, "మీరిచ్చినవి తొంబై ఆరే మేడం" అన్నాడు. "మీరందరు నవ్వుకున్నంక ఇంక లెక్క ఎందుకు మేడం?"

పిల్లలు ఆయన టైపును చూసి నవ్వారనుకున్నాడేమో అనుకున్నాను. "అయ్యో, మీ పనికి వంక పెట్టలేదండీ, చాలా బాగా చేశారు" అని చెప్పి వచ్చేశాను. మీరిచ్చినవి అన్న మాట నా చెవిన పడింది. కానీ నేను అడిగిన అంకెకు జవాబు వచ్చింది కాబట్టి దాన్ని వదిలేశాను.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. లైబ్రరీ మూసేది ఐదుకు. పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. పన్నెండూ బల్ల మీద పెట్టాను. ఆమె ఒక్కొక్క పుస్తకం తీసుకుని, వెన్ను పట్టుకుని, తలకిందులుగా దులిపింది. అలా పుస్తకాన్ని దులిపే మనిషి కాదు ఆమె. పన్నెండూ అయ్యాక అడిగింది.

"మేడం, తప్పు వట్టకండి. మొన్న నేను లేనప్పుడు పుస్తకాలు తీస్కపోయిన్రు గదా. అండ్లకెళ్ళి ఏమన్న కాగితం తీసిన్రా?"

"నా కాగితాలే తీశాను" అన్నాను.

"వేరేది ఏమన్న..."

"నాది కానిది నేను ముట్టుకోను."

ఈ మాట దగ్గర మీరు కాసేపు ఆగండి. ఆ క్షణంలో నా దగ్గర ఒక కాగితం ఎక్కువ ఉందని నాకు తెలుసు. మూడు రోజులుగా నిద్ర లేకుండా వెతుకుతున్నది దాని గురించే. ఆమె నోటితో అడుగుతున్నది కూడా దాని గురించే. రెండూ కలవలేదు. పద్దు లేకుండా పుస్తకాలు పట్టుకుపోయానని నాకు లోపల గుచ్చుకుంటోంది. నన్ను దొంగను చేస్తోందనిపించింది. ఆమె అడిగింది ఒకటి, నేను జవాబు చెప్పింది నా గుచ్చుకున్న చోటుకు. ఆమె, "సరె మేడం" అని పద్దులో సంతకం చేయించుకుంది. ఐదింటి దాకా ఆ కౌంటరు దగ్గరే కూర్చుందని తర్వాత ఆయమ్మ చెప్పింది. ఐదున్నర దాకా కూడా.

శనివారం రెండు సంగతులు జరిగాయి. నాగర్‌కర్నూల్‌లో ఒక ఆఫీసుకు మనిషి కావాలని రెండు నెలలుగా అడుగుతున్నారు, ఎవరూ ఒప్పుకోలేదు. టైపు చేసే ఆయన పొద్దున్నే వచ్చి, నేను పోతానని కాగితం ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఆయన్ను పంపేశారు. మాకెవరికీ చెప్పలేదు. సాయంత్రం లైబ్రేరియన్ గద్వాల బస్సెక్కింది.

సోమవారం తొమ్మిది నలభైకి ఇటిక్యాల పిల్ల వచ్చింది. కాళ్ళకు ఇంకా మడి బురద మరకలు పోలేదు. నోటుబుక్కు తెరిచింది. చిలుక ఆమెదే. దాచుకున్న మాటలూ ఆమెవే.

"ఇది?" అని గడప చూపించాను.

చదివింది. "నాది గాదు మేడం. కాని మస్తుంది. ఎవరు రాసిండ్రు మేడం?"

అప్పుడు తగిలింది. దులిపిన పన్నెండు పుస్తకాలు గుర్తొచ్చాయి. కాగితం పట్టుకుని లైబ్రరీకి నడిచాను. దాన్ని కౌంటరు మీద పెట్టి, "ఇది మీదా?" అన్నాను.

ఆమె చేతిలోకి తీసుకోలేదు. వంగి చదివింది. చదవడం అయ్యాక, కోసిన అంచు మీద వేలు పెట్టి అడిగింది.

"దీని అడుగేది మేడం?"

చెప్పాను. బ్లేడు, ఫ్యాను, చీపురు, మున్సిపాలిటీ బండి, అన్నీ వరసగా చెప్పాను. ఆమె అంతా విని స్టూలు మీద కూర్చుంది. అప్పుడే ఆమె నోట నాకు ఇందాక మీకు చెప్పిన సంగతులన్నీ తెలిశాయి.

"మరి ఆయన్ని మళ్ళీ అడగలేదా మీరు?" అన్నాను.

"రాయమని ఒక్కసారి చెప్పిన మేడం. రెండుసార్లు చెప్పేటంత సిగ్గు ఇడిసిపెట్టలే ఇంక."

"ఇప్పుడు చెప్పండి. నేను ఫోను చేస్తాను. తప్పు నాదని చెప్తాను."

"తప్పు మీది గావచ్చు. మాట నాది గదా." ఆమె నవ్వబోయి మానేసింది. "మనిషేంది అన్న. అందరి ముందట. ఆయన తలుపు కాడ్నే ఉండె. ఇప్పుడు పోయి, గా కాగితం నీదని తెల్వక అన్న అని చెప్పాలెనా? తెల్వక అన్నదే గదా మేడం అసలు మాట."

"అయినా సరే..."

"నిన్న తాంబూలాలు అయినయి మేడం."

పక్కన పిల్లలు పుస్తకాల కోసం నిలబడ్డారు. ఆమె లేచి, ఒక పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని తేదీ ముద్ర వేసింది. ముద్ర తలకిందులుగా పడింది. తర్వాత ఆ కాగితాన్ని మడవకుండా సొరుగులో పెట్టుకుంది.

పదకొండు గంటలకు నాగర్‌కర్నూల్‌కు ఫోను చేశాను. ఆయన ఎత్తాడు. మొత్తం చెప్పాను, ఈసారి తేదీలు, గంటలు కూడా చెప్పాను. "లైనులో ఉన్నారా సార్?" అన్నాను.

"ఉన్న మేడం. ఆమె ఇచ్చింది అనుకున్న మీకు. అందరికి చదివించి నవ్వుదామని ఇచ్చిందనుకున్న."

"కాదండీ. ఆమె చూడనే లేదు."

"అంటే తెల్వకనే అన్నదా?"

"తెలియకనే."

"అయితే నిజం చెప్పింది మేడం" అన్నాడు. "ఎవలదో అనుకోని చెప్పింది, నిజమే చెప్తది. నేను గట్లాంటోన్నే. ఇప్పుడు గూడ చెప్పులేసుకోని వచ్చిన గదా." అని, "తాంబూలాలు అయినయా?" అని అడిగాడు. అయ్యాయన్నాను. "మంచిగ ఉండనీయండి మేడం. జర ఆమెను పరేషాన్ చేయకండి" అని పెట్టేశాడు.

ఆ తర్వాత జరిగినవి మామూలువే. ఆమె పెళ్ళి చేసుకుని గద్వాలకు మార్పించుకుంది. భర్త మంచివాడని విన్నాను. ఒకసారి గద్వాలలో కొత్త బస్టాండు దగ్గర కనబడి, "బాగున్నరా మేడం?" అని పలకరించింది, ఆయన గురించి అడగలేదు. టైపు చేసే ఆయన నాగర్‌కర్నూల్‌లోనే ఉండిపోయాడు. నేను ఏడు నెలలకు రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నా కచ్చితత్వాన్ని ముగ్గురు పొగిడారు.

నాకు ఇప్పటికీ తెగని సంగతి ఒకటుంది. పేరు కోస్తే ప్రేమ మిగులుతుందనుకున్నాను. మిగిలిందేమిటో నాకు అర్థం కాలేదు. ఎవరు ఎవరికి చెప్పారో తెలియకపోతే ఆ ఆరు పంక్తులు నలభై ఒక్క మందికి నాలుగు కాలాలవిగా వినబడ్డాయి, ఒకరికి చిన్నాయనలా వినబడ్డాయి, ఎవరి కోసం రాశారో ఆ ఒక్క మనిషికి హాస్యంలా వినబడ్డాయి. అయితే కాలాలకు తేడా లేదా? ఉంది, ముప్పై ఏళ్ళు చెప్పాను, ఉందనే ఇప్పటికీ చెప్తాను. మరి బతికి ఉన్న మనిషి మాటను చనిపోయినవాళ్ళ మాటల్లోంచి నేనెందుకు ఏరలేకపోయాను? పాత కవులందరూ కూడా ఒక్కొక్క మనిషికే రాశారా, మనం మధ్యలో అడుగు కోసుకుని చదువుకుంటున్నామా? ఒక రోజు అవుననిపిస్తుంది, ఒక రోజు ఇదంతా నా తప్పును పెద్దది చేసి చూపించుకోవడానికి కల్పించుకున్న మాట అనిపిస్తుంది. తెలియదు. మీరు చిన్నవాళ్ళు, తేలితే నాకు చెప్పండి. ఒకటి మాత్రం చెప్పగలను. పిల్లల చేత చదివించే ముందు కాగితం మీరు చదవండి. ఎవరైనా ఏదైనా పోయిందా అని అడిగితే, మీ మీద నింద పడిందా అని చూసుకోకండి, పోయిందేమిటో అడగండి.

పోయినవాటి లెక్క రాసి ముగిస్తాను. ఒక కాగితం అడుగు, దాని మీద ఒక మనిషి చేవ్రాలు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజులు. కళాశాలకు ఒక మంచి టైపిస్టు, ఒక మంచి లైబ్రేరియన్. మూడేళ్ళుగా నడిచిన మధ్యాహ్నం టీ, రెండు కప్పులు. ఆమెకు ఆయన. ఆయనకు ఆమె.